చేతిలో లేని ముక్కతో బేరానికి వెళ్లకండి

ప్రశ్న:

నాకు 31 ఏళ్లు. మాది హనుమకొండ. వరంగల్‌లో మా నాన్న ఇరవై ఏళ్లుగా కారం మిల్లు నడుపుతున్నారు. హోటళ్లకు, కిరాణా దుకాణాలకు నెలకు మూడు టన్నుల దాకా కారం వేస్తాం. కిలోకు 200 రూపాయల దాకా వస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, మిల్లు చూసుకోవడానికి నేను ఏడాది క్రితం వచ్చాను. అక్కడ ఉన్నప్పుడు స్నేహితులతో పోకర్ ఆడేవాడిని, ఎక్కువగా గెలిచేవాడిని. ఎదుటివాడిని చదవడం, బ్లఫ్ చేయడం (లేని బలం ఉన్నట్టు నమ్మించడం) నాకు అబ్బిన విద్యలని అందరూ అనేవారు. వ్యాపారంలో అవి పనికొస్తాయనుకున్నాను.

నెల క్రితం ఏనుమాముల మార్కెట్‌లో మా పాత అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) 50 క్వింటాళ్ల తేజ మిర్చికి క్వింటాకు 14,200 చెప్పాడు. పక్క అడ్తిలో 14,000కే ఇస్తున్నారని లేని మాట చెప్పాను. 'అయితే అక్కడే తీసుకో' అన్నాడు. మర్నాడు అదే సరుకును 14,500కు కొనాల్సి వచ్చింది. అంతకుముందు నాన్నకు పదిహేను రోజుల గడువు ఇచ్చేవాడు. ఇప్పుడు సరుకు ఎత్తకముందే డబ్బు అడుగుతున్నాడు.

ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక ఆహార పదార్థాల కంపెనీ ఏడాదిపాటు నెలకు 10 టన్నుల కారం కావాలంటోంది. కిలో 185 రూపాయలు, ఏడాదంతా అదే ధర, డబ్బు 90 రోజులకు అంటున్నారు. మాకు కిలో 178 దాకా పడుతుంది. కొనుగోళ్ల మేనేజరు మిల్లు చూడడానికి వచ్చినప్పుడు, ప్రతి నెలా 5వ తేదీకల్లా సరుకు గోదాముకు చేరాలని మూడుసార్లు అన్నాడు. వేరే కంపెనీ 196 ఇస్తానందని చెప్పి ధర పెంచుదామని నా ఆలోచన. 'లేని బేరం ఉందని చెప్పొద్దు' అంటున్నారు నాన్న. ఈసారి మాత్రం నేనేమిటో చూపించాలని ఉంది. పోకర్ తెలివి వ్యాపారానికి పనికొస్తుందా, రాదా? బ్లఫ్ చేయమంటారా?

పేరు వద్దు, హనుమకొండ

సమాధానం:

పోకర్ తెలివి పనికొస్తుంది. కాకపోతే మీరు నేర్చుకున్నవాటిలో బ్లఫ్ ఒక్కటే వెంట తెచ్చుకుని, అంతకంటే విలువైనవన్నీ హైదరాబాద్‌లోనే వదిలేసి వచ్చినట్టున్నారు. గెలిచే అవకాశాన్ని లెక్కకట్టడం, ఎదుటివాడు పందెం వేసే తీరును గమనించడం, సమయానికి ముక్కలు కింద పెట్టేయడం, కోపం వచ్చినప్పుడు బల్ల దగ్గర నుంచి లేవడం, వీటిలో ఏదీ మీ ఉత్తరంలో కనిపించలేదు. కంపెనీతో బేరానికి మీకు కావలసినవి అవే. బ్లఫ్ చేయవద్దు. మీ నాన్నగారి మాటను నీతిగా తీసుకున్నా సరైనదే, లెక్కగా తీసుకున్నా సరైనదే. మీరు లెక్క తెలిసినవారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

ముందు అడ్తిదారు సంగతి. పోకర్‌లో మీ చేతిలోని రెండు ముక్కలు మీరు చూపిస్తే తప్ప ఎవరికీ తెలియవు. అందుకే అక్కడ బ్లఫ్‌కు చోటుంది. ఏనుమాముల యార్డులో ఉదయం జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం, ఎంతకు పోయిందో కాసేపట్లోనే అందరికీ తెలిసిపోతుంది. 2016లో ఈ-నామ్ (జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) మొదలయ్యాక ధరలు ఫోనులోనే చూసుకోవచ్చు. పక్క అడ్తిలో తేజ ఎంతకు ఇస్తున్నారో తెలుసుకోవాలంటే మీ అడ్తిదారు గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే చాలు. మీరు మూసి పట్టుకున్నాననుకున్న ముక్క ఆయనకు వెల్లకిలా కనిపిస్తోంది.

ఇక డబ్బు లెక్క. మీ మాట నమ్మి ఉంటే క్వింటాకు 200 చొప్పున 10,000 రూపాయలు మిగిలేవి. నమ్మలేదు కాబట్టి క్వింటాకు 300 చొప్పున 15,000 అదనంగా పోయాయి. అంటే ఇలాంటి బ్లఫ్ గిట్టుబాటు కావాలంటే పదింట ఆరుసార్లకు పైగా ఎదుటివాడు నమ్మాలి. నాలుగడుగులు వేస్తే బయటపడే అబద్ధాన్ని పదింట ఆరుసార్లు ఎవరు నమ్ముతారు? ఇందులో పోయిన గడువును నేనింకా కలపలేదు. ఏడు లక్షల సరుకుకు ఏడాదికి 12 శాతం వడ్డీ వేసుకుంటే పదిహేను రోజుల గడువు విలువ దాదాపు 3,450 రూపాయలు. మీరు ఆయన దగ్గర అంత సరుకు కొన్న ప్రతిసారీ అది పోతూనే ఉంటుంది. పోకర్‌లో బ్లఫ్ పట్టుబడితే ఆ పాట్ (బల్లమీది పందెం డబ్బు) పోతుంది, ముక్కలు కలిపి మళ్లీ పంచుతారు. మిర్చి యార్డులో ముక్కలు ఎవరూ కలపరు. ఈ ఏడాది మీరన్న మాట వచ్చే సీజనులోనూ బల్లమీదే ఉంటుంది.

అలాగని మనసులో ఉన్నదంతా మేనేజరు ముందు పరిచేయమని నా ఉద్దేశం కాదు. దాచడం వేరు, లేనిది ఉందనడం వేరు. పశువుల అంగళ్లలో ఎద్దును బేరమాడే ఇద్దరూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునే పద్ధతి మన పెద్దలెరిగిందే. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ధర ఎవరికీ తెలియదు. ఆ తువ్వాల కింద అబద్ధం లేదు, గోప్యత మాత్రమే ఉంది.

మన చట్టం కూడా ఈ గీత గీసింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, నిజం కాదని తెలిసీ ఒక విషయాన్ని నిజమని చెప్పి ఎదుటివారిని ఒప్పందానికి దించితే అది మోసం. అదే సెక్షన్ కింద ఇచ్చిన వివరణ చూడండి: మాట్లాడి తీరాల్సిన బాధ్యత లేనప్పుడు ఊరకే మౌనంగా ఉండటం మోసం కాదు. మోసంతో కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 19వ సెక్షన్ ఎదుటివారికి ఇస్తుంది. ఒక్క ధర మాటకు కంపెనీ కోర్టుకు వెళుతుందని నేను భయపెట్టను. కానీ ఏడాదిపాటు సాగాల్సిన ఒప్పందానికి అలాంటి మాటను పునాదిలో ఎందుకు పెట్టాలి? మీ కనీస ధర చెప్పకండి. మిల్లు నెలలో ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుందో చెప్పకండి. వేరే బేరాలున్నాయా అని అడిగితే 'ఆ వివరాలు నేను చెప్పను' అనండి. పోకర్‌లో మీరు అలవాటు చేసుకున్న నిశ్చలమైన ముఖం ఇక్కడ పూర్తిగా పనికొస్తుంది.

పోకర్ శాస్త్రం ప్రకారం చూసినా మీరిప్పుడు బ్లఫ్ చేయాల్సిన చోట లేరు. బ్లఫ్‌ను గణితంగా పరిశీలించినవారిలో ముఖ్యుడు జాన్ వాన్ నాయిమన్. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి వెలువరించిన గ్రంథంలో పోకర్‌కు ప్రత్యేకంగా చోటిచ్చాడు. ఆయన నమూనాలో చాలా మంచి ముక్కలతో పందెం పెంచాలి, అప్పుడప్పుడూ చాలా చెడ్డ ముక్కలతోనూ పెంచాలి. మధ్యరకం ముక్కలు వచ్చినప్పుడు మాత్రం పెంచకుండా ఊరుకోవాలి. కారణం తేలికగానే అర్థమవుతుంది. చెడ్డ ముక్కలకు బ్లఫ్ తప్ప గెలిచే దారి లేదు. మధ్యరకం ముక్కలు నిదానంగా ఆడితే వాటి బలంతోనే కొన్నిసార్లు గెలుస్తాయి. వాటితో అనవసరంగా పెంచితే మీకంటే బలహీనులు లేచిపోతారు, మీకంటే బలవంతులే ఎదురుగా మిగులుతారు. మీ సంగతి చూడండి. కిలోకు 200 ఇచ్చే హోటళ్లు, దుకాణాలు ఉన్నాయి. ఇరవై ఏళ్ల పేరున్న మిల్లు ఉంది. మిర్చి మార్కెట్ పక్కనే ఉంది. ఇది గొప్ప చెయ్యి కాకపోవచ్చు, చెడ్డ చెయ్యి అసలే కాదు. దీనితో బ్లఫ్ చేస్తే, నిజంగా ఉన్న బలాన్ని మీరే అబద్ధం కింద కప్పేసినట్టు. మేనేజరు 'ఆ కంపెనీ ఆర్డరు కాగితం చూపించండి' అంటే ఆ తర్వాత మీరు చెప్పే నిజాలను కూడా అతను నమ్మడు.

ఇప్పుడు అసలైన లెక్కకు వద్దాం. బల్లమీద 1,000 చిప్పులున్నాయి, చివరి ముక్క ఇంకా తెరవలేదు, ఎదుటివాడు 500 పెట్టాడు. ఇంకో ఇస్పేటు వస్తేనే మీకు ఫ్లష్, అంటే ఐదూ ఒకే గుర్తు ముక్కలు. 500 పెడితే 1,500 వస్తాయి కాబట్టి నూటికి 25 సార్లయినా గెలవాలి. మీకు కనిపించని 46 ముక్కల్లో మీకు కావలసిన ఇస్పేట్లు తొమ్మిదే, అంటే నూటికి 20 కూడా లేదు. ఆ తర్వాత ఇంకేదో వస్తుందన్న ఆశ లేకపోతే మీరు మారు మాట్లాడకుండా ముక్కలు కింద పెట్టేస్తారు. స్నేహితుల మధ్య ఇంత జాగ్రత్తగా లెక్కవేసే మనిషి, కోట్ల రూపాయల మిర్చి కొనాల్సిన ఒప్పందం ముందు కూర్చుని 185 బదులు 196 అనిపించుకోవడం గురించి మాత్రమే ఆలోచిస్తున్నారు. నాకు బాధ కలిగించింది ఇదే.

కిలోకు మీకు మిగిలేది 7 రూపాయలు. నెలకు 10 టన్నులంటే 18.5 లక్షల సరుకు. డబ్బు 90 రోజులకు వస్తే ఏ రోజు చూసినా 55 లక్షలకు పైగా బయటే ఉంటుంది. 12 శాతం వడ్డీ మీద మూడు నెలలకు కిలోకు ఐదున్నర రూపాయలు పోతుంది. మిగిలేది ఒకటిన్నర. అంటే 55 లక్షలు ఇరికించి నెలకు సంపాదించేది 15,000 రూపాయలు. అదే గడువు 30 రోజులకు తగ్గితే కిలోకు మూడు రూపాయల డెబ్బై పైసల వడ్డీ తగ్గుతుంది. ధరలో ఒక్క పైసా పెంచమని అడగకుండానే మీకు 188.70 వచ్చినట్టు.

ఇంకా పెద్ద ప్రమాదం 'ఏడాదంతా అదే ధర' అన్న మాటలో ఉంది. తొడిమ, తేమ, దుమ్ము, ఆడించేటప్పుడు పోయేది అన్నీ కలిపి నూటికి పది తరుగు వేసుకోండి. ఏడాదికి 120 టన్నుల కారానికి దాదాపు 1,333 క్వింటాళ్ల మిర్చి కావాలి. క్వింటాకు 14,200 చొప్పునే 1.89 కోట్లు. మిర్చి క్వింటాకు 2,000 పెరిగితే కారం కిలోకు 22 రూపాయలు అదనంగా పడుతుంది. ఏడాది మొత్తం అదే నిలబడితే 26 లక్షలకు పైగా అదనపు ఖర్చు. వడ్డీ సంగతి పూర్తిగా మరిచిపోయినా, అన్నీ అనుకున్నట్టే జరిగితే మీకొచ్చే ఏడాది లాభం 8.4 లక్షలు. మిర్చి ధర ఏడాదిలో రెండు వేలు కదలడం వరంగల్‌లో ఎవరికీ వింత కాదు. ధర పడితే లాభం నాదే కదా అనవచ్చు. పడినప్పుడు కంపెనీ నెలకు 10 టన్నులూ ఎత్తి తీరాలని ఒప్పందంలో ఉందా? అది లేకపోతే ధర పెరిగినప్పుడు మీరు ఇరుక్కుంటారు, పడినప్పుడు వాళ్లు లేచిపోతారు. అబద్ధం చెప్పి 11 రూపాయలు తెచ్చుకున్నా ఈ 22 రూపాయల గుంత పూడదు. మిల్లు పెట్టుబడి మొత్తాన్ని ఒకే పందెంలో నెట్టడం ఏ మంచి ఆటగాడూ చేయని పని.

ఇక ఎదుటివాడిని చదవడం. చాలామంది దీన్ని కనుబొమ్మలు ముడవడం, వేళ్లు వణకడం అనుకుంటారు. నిలకడగా గెలిచేవారు ముఖం కంటే పందేల తీరునే ఎక్కువగా నమ్ముతారు. ఇది మీరు హైదరాబాద్‌లో నేర్చుకోనక్కర్లేదు, ఏనుమాములలో రోజూ కనిపించేదే. ఖరీదుదారు రాశి దగ్గర ఆగుతాడు. బస్తా లోతుకు చెయ్యి పంపి అడుగునున్న కాయను బయటికి తీస్తాడు. విరిచి చప్పుడు వింటాడు, తేమ ఉంటే కాయ విరగకుండా వంగుతుంది. గింజ రంగు చూస్తాడు. కాళ్ల దగ్గర కాయలు చెదరగొట్టి తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) ఎంత కలిసిందో అంచనా వేస్తాడు. ఇంత చేసినా ముఖంలో ఏమీ ఉండదు. 'సరుకు బాగాలేదు' అని కూడా అంటాడు. కానీ నాలుగు రాశులు తిరిగి మళ్లీ అదే బస్తా దగ్గరికి వచ్చాడంటే, ఆ సరుకు మీద అతనికి మనసుందని అడ్తిదారుకు అర్థమైపోతుంది.

మీ మేనేజరు కూడా ఒకే బస్తా దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. 5వ తేదీ అన్నాడు, మళ్లీ 5వ తేదీ అన్నాడు, వెళ్లేముందు మళ్లీ అదే అన్నాడు. మీరు ఆ మాటను ఉత్తరంలో రాశారు గానీ దాని మీద ఆగలేదు. మీ ఉత్తరం మొత్తంలో అన్నింటికంటే విలువైన సమాచారం అదే. ధర గురించి మూడుసార్లు మాట్లాడితే అతని మీద ధర ఒత్తిడి ఉందనుకోవాలి. ఇతను తేదీ గురించి మాట్లాడాడు. ఇప్పటిదాకా సరఫరా చేసినవారు ఆలస్యం చేసి ఉండవచ్చు, కారం లేక ప్యాకింగ్ ఆగిపోయి ఉండవచ్చు, అందుకు ఇతనే పైవారికి జవాబు చెప్పుకుని ఉండవచ్చు. ఇది నా ఊహ. ఊహను తేల్చుకోవడానికి బేరంలో పోకర్‌కు లేని సౌకర్యం ఒకటుంది: నేరుగా అడగవచ్చు. 'ఇప్పటిదాకా ఎక్కడ తీసుకుంటున్నారు? మార్చాలని ఎందుకు అనుకుంటున్నారు? ఆలస్యమైతే మీకు ఏ ఇబ్బంది వస్తుంది?' అని అడిగి మీరు ఊరుకోండి. మౌనాన్ని మీరు నింపకండి. అడిగినవాటిలో సగానికైనా జవాబు వస్తుంది.

నా ఊహ నిజమైతే బేరం రూపమే మారిపోతుంది. పోకర్‌లో ఒకరికి వచ్చేది మరొకరు పోగొట్టుకున్నదే. వ్యాపారంలో ఒకరికి తేలికైన పని ఇంకొకరికి పెద్ద విలువైనది కావచ్చు. ఒక నెల సరుకు ఎప్పుడూ కోల్డ్ స్టోరేజీలో నిల్వ ఉంచుతామని, 5వ తేదీ దాటితే రోజుకు ఇంత తగ్గించుకోవచ్చని మీరే ముందు రాసివ్వండి. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు, రాత్రి బయలుదేరిన లారీ తెల్లారేసరికి గోదాము ముందుంటుంది. ప్రతి లాటుకు తేమ, రంగు, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం), సుడాన్ రంగుల (కారంలో కలపకూడని కృత్రిమ రంగులు) పరీక్ష నివేదిక జతచేస్తామనండి. రంగు కూడా ఎక్కువ కావాలంటే చపాటా కలిపిన రకం వేరే ధరకు చూపించండి. ముదురు ఎరుపు, తక్కువ ఘాటు ఉన్న ఈ వరంగల్ మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఘాటుకు తేజ, రంగుకు చపాటా, రెండూ మీ ఇంటిముందు మార్కెట్‌లోనివే. వీటికి బదులుగా అడగాల్సినవి మూడే: డబ్బు 30 రోజులకు, ఏనుమాముల సగటు ధరను బట్టి మూడు నెలలకోసారి ధర సవరణ, నెలకు కనీసం ఇంత ఎత్తి తీరాలన్న షరతు. మొదటి మూడు నెలలు 10 టన్నులకు బదులు నాలుగు టన్నులతో మొదలుపెడదామని కూడా అనండి. తక్కువ ఖర్చుతో వాళ్ల చెల్లింపుల తీరు చూడవచ్చు.

వాళ్లు ధర పెంచుతూ వస్తే ఆ అడుగుల పొడవు గమనించండి. 185 నుంచి 188, అక్కడి నుంచి 189, ఆపైన అర్ధరూపాయి అంటే గోడ దగ్గరికి వచ్చినట్టే. మూడేసి రూపాయలు పెరుగుతూనే ఉంటే గోడ ఇంకా దూరంగా ఉంది. మీరు తగ్గేటప్పుడు కూడా అవతలివాళ్లు ఇదే చదువుతారని మరిచిపోకండి.

లేని 196 గురించి ఆలోచించే సమయాన్ని ఉన్న ధరలు తెచ్చుకోవడానికి వాడండి. సమావేశానికి ముందు బేగంబజార్ టోకు వ్యాపారులను, ఖమ్మంలో ఒకరిద్దరిని అడిగి, నెలకు రెండు టన్నులు నగదుకు ఎంతకు తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. అది 187 అయినా సరే. జేబులో నిజమైన 187 ఉన్న మనిషి కుర్చీలో కూర్చునే తీరే వేరుగా ఉంటుంది, ఆ కాగితాన్ని బయటికి తీయాల్సిన అవసరం కూడా చాలాసార్లు రాదు.

అప్పుడు లేచి రావడం కూడా తేలికవుతుంది. మన ఊళ్లలో పదమూడు ముక్కల రమ్మీ ఆడేవారికి డ్రాప్ విలువ బాగా తెలుసు. మొదట్లోనే ముక్కలు పడేస్తే సాధారణంగా 20 పాయింట్లు పోతాయి, మధ్యలో పడేస్తే 40, చివరిదాకా పట్టుకుని ఓడితే 80 దాకా పోతాయి. మంచి ఆటగాడు ఆ 20ని ఓటమిగా లెక్కవేసుకోడు. మీరు ఇంట్లో ఉండగానే, ప్రశాంతంగా ఉన్నప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి: గడువు 45 రోజులు దాటితే వద్దు, ధర సవరణ లేకపోతే మూడు నెలలకు మించి ఒప్పుకోను, చేతికి కిలోకు ఇంతకంటే తక్కువ మిగిలితే వద్దు. గదిలో ఏసీ కింద కూర్చుని, టీ తాగుతూ, అవతలివాళ్లు 'ఇంత దూరం వచ్చాం కదా' అంటున్నప్పుడు ఆ అంకెలను మార్చకండి.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణముంది. 'ఈసారి మాత్రం నేనేమిటో చూపించాలి' అన్నారు. ఒక పెద్ద చెయ్యి ఓడిన మనిషి ఆ కసితో తర్వాతి చేతులన్నీ ఆడేస్తే దాన్ని టిల్ట్ అంటారని మీకు తెలుసు. అడ్తిదారు దగ్గర పోయిన పరువును కంపెనీ దగ్గర రాబట్టుకోవాలనుకుంటున్నారు. ఆ కంపెనీకి మీ పరువుతో ఏ సంబంధమూ లేదు. అడ్తిదారు సంగతి అడ్తిదారు దగ్గరే తేల్చుకోండి. ఈ వారంలోనే వెళ్లి 'ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు' అని ఒప్పుకోండి. రెండు మూడుసార్లు నగదు ఇచ్చి కొనండి. గడువు మళ్లీ ఇవ్వమని మీరు అడగకండి, ఆయన అంతట ఆయన అనేదాకా ఆగండి. నెలకు 10 టన్నులు ఆడించాలంటే మీకు ఆ అడ్తిదారు ఈ కంపెనీ కంటే ముఖ్యం.

సమావేశానికి నాన్నగారిని తీసుకెళ్లండి. సరుకు గురించి ఆయన మాట్లాడాలి, అంకెల గురించి మీరు మాట్లాడాలి. ఏదైనా కొత్త షరతు హఠాత్తుగా వస్తే 'ఇంటికి వెళ్లి ఇద్దరం మాట్లాడుకుని రేపు చెబుతాం' అనండి. మిల్లు ఆయనది కాబట్టి అది సాకు కాదు, నిజం. బయటికి రాగానే ఎవరేమన్నారో, మీరు ముందు ఏమనుకున్నారో పుస్తకంలో రాసుకోండి. ఒప్పందం కుదరలేదని మీ నిర్ణయం తప్పు అనుకోకండి, కుదిరిందని ఒప్పు అనుకోకండి. ఆసుల జత పట్టుకుని రాజుల జత మీద పందెమంతా పెట్టినవాడు కూడా ఐదింట ఒకసారికి దగ్గరగా ఓడిపోతాడు. అయినా ఆ పందెం సరైనదే.

స్నేహితుల మధ్య ఎక్కువగా గెలిచానన్నారు. దాన్ని మరీ నమ్ముకోకండి, డబ్బు పెట్టి ఆడే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి. రమ్మీ నైపుణ్యమున్న ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది, ఆ కేసు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుదే. కానీ తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని, పోకర్‌ను కూడా నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. మిల్లు డబ్బు, ఆట డబ్బు ఒకే మనిషి చేతిలో ఉంటే ఏదో ఒక రోజు కలిసిపోతాయి.

ఇక మీరు చూసుకోని ఒక మంచి ముక్క గురించి. మీ మిల్లుకు ఉద్యం నమోదు (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో నిబంధన కూడా ఉంది. అలా గడువు దాటి బాకీ ఉంచిన మొత్తాన్ని కొనుగోలుదారు నిజంగా చెల్లించేదాకా ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేడు. 2025 ఏప్రిల్ నుంచి యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, ఏడాది టర్నోవర్ 10 కోట్లు దాటని యూనిట్ సూక్ష్మ సంస్థే కాబట్టి మీ మిల్లు అందులోకి రావచ్చు. దీన్ని బెదిరింపుగా వాడకండి. 'మాది ఉద్యం నమోదు ఉన్న తయారీ యూనిట్, 90 రోజులు మీ ఆడిటరుకే ఇబ్బంది' అని మొదటి పది నిమిషాల్లోనే ముక్కను వెల్లకిలా పెట్టేయండి. అది విని కంపెనీ వెనక్కి తగ్గితే 20 పాయింట్లతో బయటపడినట్టు. ఒక్క విషయం ముందుగా చూసుకోండి. నమోదు పత్రంలో మీ పనిని తయారీ అని రాశారా, వ్యాపారం అని రాశారా? సరుకు కొని అమ్మే వ్యాపారంగా నమోదైతే ఈ 45 రోజుల రక్షణ వర్తించదు. అలా ఉంటే ఉద్యం పోర్టల్‌లో సరిచేయించుకుని, కొత్త పత్రం చేతికి వచ్చాకే సమావేశం తేదీ ఖాయం చేయండి.